పిల్లల బొమ్మల సీరియల్‌కు రాక్ బ్యాండ్ సంగీతం ఎలా చేయాలి?

నెల్లూరులోనూ ఒంగోలులోనూ కాలేజీ రోజుల్లో బ్యాండు కట్టి, ఇప్పుడు రిసెప్షన్లలోనూ కాలేజీ వార్షికోత్సవాలలోనూ వాయిస్తున్న కుర్రవాళ్లు నన్ను తరచుగా ఒకే మాట అడుగుతున్నారు: "అన్నా, కార్టూన్ సీరియల్‌కు మ్యూజిక్ చేయమంటా ఉండారు. యాడ మొదలుపెట్టాల?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పడం కంటే వరుసగా రాసిపెట్టడం మేలనిపించింది.

పని మన చుట్టూనే ఉంది. హైదరాబాదు స్టూడియోలో తయారైన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. చెన్నై మనకు రైలులో మూడు గంటల దూరం. రాక్ బ్యాండ్లు పిల్లల బొమ్మలకు సంగీతం చేయడమూ కొత్త కాదు. 1968లో అమెరికా టీవీలో మొదలైన ఆర్చీస్ అనే బొమ్మల బ్యాండు పాట మరుసటి సంవత్సరమే అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అయితే దానిని వాయించినవారూ పాడినవారూ తెర వెనుక ఉన్న స్టూడియో కళాకారులు. 2007లో వచ్చిన ఫినియాస్ అండ్ ఫెర్బ్ సీరియల్ టైటిల్ పాటను టెక్సాస్‌కు చెందిన బౌలింగ్ ఫర్ సూప్ అనే రాక్ బ్యాండ్ పాడింది.

మా బ్యాండు నలుగురిది: గిటార్, బేస్, డ్రమ్స్, కీబోర్డు. ఒక గిత్తదూడ, దాని వెంట తిరిగే ఒక ఆడపిల్ల ముఖ్యపాత్రలుగా ఉన్న సీరియల్‌కు మేము సంగీతం చేశాము. ఒక్కొక్క భాగం 11 నిమిషాలు. మొదట పంపిన మూడు ముక్కలూ వెనక్కి వచ్చాయి. వాయింపులో తప్పు లేదు, శ్రుతిలో తప్పు లేదు. దూడ మాట వినబడలేదు, అంతే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మీరు ఆ తప్పు చేయకుండా ఉండడానికే రాస్తున్నాను.

కావలసినవి

• వీడియోను చూపిస్తూ రికార్డు చేయగల సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు. మేము రీపర్ వాడుతాము. 60 రోజులు ఉచితంగా వాడి చూసి, ఆ తరువాత కొనుక్కోవచ్చు. డావిన్చి రిజాల్వ్ ఉచిత ప్రతిలో కూడా ఈ పని జరుగుతుంది.
• ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకులనూ వాద్యాలనూ కంప్యూటరుకు కలిపే పెట్టె. డ్రమ్స్ నేరుగా రికార్డు చేసేటట్లయితే కనీసం నాలుగు మైకులు పట్టేది కావాలి. లేకపోతే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాడండి; పిల్లల సీరియల్‌కు అది లోటు కాదు, కొన్నిసార్లు మేలు కూడా.
• నలుగురికీ మూతపడే రకం హెడ్‌ఫోన్లు. తాళం తప్పకుండా వినిపించే క్లిక్ శబ్దం హెడ్‌ఫోన్ నుంచి బయటికి వచ్చి మైకులో పడితే తరువాత తీయలేము.
• యూపీఎస్. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాను రోజుల్లో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము.
• ఒక మామూలు టీవీ, ఒక మామూలు ఫోను. ఇవి వినోదానికి కాదు, పరీక్షకు.
• స్టూడియో నుంచి రావలసినవి: టైమ్‌కోడ్ (ప్రతి క్షణాన్ని గుర్తించే) అంకెలు తెర మీదే ముద్రించిన వీడియో, మాటల ట్రాక్ విడిగా, ఛానల్ సాంకేతిక నిబంధనల పత్రం. ఈ మూడూ చేతికి వచ్చేవరకు గిటార్ తీయకండి.

1. పాట ముందా, బొమ్మ ముందా తేల్చుకోండి

పాత్రలు నోరు కదుపుతూ పాడే పాటను బొమ్మ గీయకముందే రికార్డు చేయాలి, ఎందుకంటే యానిమేటర్లు మీ పాటలోని అక్షరాలు విని, వాటికి తగినట్లు నోటి ఆకారాలను గీస్తారు. నేపథ్య సంగీతం దీనికి తలకిందులు: ఎడిటింగ్ పూర్తయి, ఇక ఒక్క ఫ్రేము (విడి బొమ్మ) కూడా మారదని స్టూడియో చెప్పిన తరువాతనే అది మొదలు కావాలి. దీనినే పిక్చర్ లాక్ అంటారు. ఆ లోపల ఖాళీగా కూర్చోనక్కరలేదు. స్టోరీబోర్డు బొమ్మలను వరుసగా పేర్చి చేసిన యానిమాటిక్‌ను తెప్పించుకుని, దాని మీద బాణీలను పరీక్షించవచ్చు.

హెచ్చరిక: నోటి కదలిక గీసిన పాటలో టెంపోను, అంటే వేగాన్ని, తరువాత ముట్టుకోకూడదు. నిమిషానికి 120 బీట్లు ఉన్న పాటను "ఒక్కటే కదా" అని 121 చేస్తే, ఒక నిమిషం పాట చివరికి దాదాపు అర సెకను, అంటే 12 ఫ్రేములు ముందుకు జరుగుతుంది. పాట అయిపోయిన తరువాత కూడా దూడ నోరు ఆడుతూ కనబడుతుంది.

2. కాగితం మీద రాసుకోండి

ఇది విసుగు పుట్టించే పని, కాని ఒక పూట కేటాయించండి. ఎన్ని భాగాలు (26 లేదా 52 సాధారణంగా వినబడే సంఖ్యలు), ఎన్ని నిమిషాల సంగీతం, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, డబ్బు ఏ దశలో ఎంత అనేవి రాసి ఉండాలి. మార్పుల సంఖ్య రాయించుకోకపోవడం మేము చేసిన మొదటి తప్పు. ఒక ముక్కను తొమ్మిదిసార్లు మార్చాము.

హక్కుల సంగతి: 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, దృశ్య చిత్రంలో చేరిన పాటకు రచయిత, స్వరకర్తలకు సినిమా హాలు ప్రదర్శన మినహా ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఆ వాటాను ఇతరులకు వదులుకుంటామని సంతకం చేసినా అది చెల్లదు. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం పరిగణిస్తుంది. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో స్వరకర్తగానో రచయితగానో సభ్యత్వం తీసుకోండి. బాణీ నలుగురూ కలిసి కట్టినదైతే ఎవరి వాటా ఎంతో మీలో మీరు ముందే రాసుకోండి. స్నేహం ఉన్న రోజునే ఆ కాగితం రాయడం సులభం.

3. సంగీతం ఎక్కడ వద్దో ముందు గుర్తించండి

భాగాన్ని మొదటిసారి వాద్యం చేతిలో లేకుండా చూడండి. రెండోసారి చూస్తూ ఒక పట్టిక రాయండి: మొదలయ్యే టైమ్‌కోడ్, ముగిసే టైమ్‌కోడ్, అక్కడ జరిగేది, మాటలు ఉన్నాయా లేవా. మాటలు ఉన్న గడిలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. మేము మొదటి భాగానికి 31 చోట్ల సంగీతం రాసుకున్నాము. దర్శకురాలితో కూర్చుని చూసిన తరువాత 17 మిగిలాయి. కొట్టివేసిన వాటిలో దూడ బావిలోకి తొంగిచూసే ఘట్టం ఒకటి. అక్కడ మేము ఉత్కంఠ కోసం గిటార్ మీటుదామనుకున్నాము. ఆమె దానిని తీసివేయించి, నీటి చుక్క పడే శబ్దం మాత్రమే ఉంచింది. చూసిన పిల్లలు ఆ చోట ఊపిరి బిగబట్టారు.

స్టేజీ మీద ఖాళీ దొరికితే నింపడం బ్యాండు అలవాటు. ఈ పనిలో అదే మొదటి శత్రువు.

4. టెంపోను ఫ్రేములలో లెక్కకట్టండి

మన దేశంలో టీవీకి సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములు. కాబట్టి ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: 1500ను ఒక బీటుకు పట్టే ఫ్రేములతో భాగిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వస్తుంది. బీటుకు 10 ఫ్రేములైతే 150, 12 అయితే 125, 15 అయితే 100, 20 అయితే 75. స్టూడియో 24 ఫ్రేములలో పనిచేస్తుంటే 1500 బదులు 1440 వాడండి. ఏది వాడుతున్నారో అడగకుండా ఊహించుకోవద్దు.

మేము చేసిన ఒక లెక్కను ఉన్నది ఉన్నట్లు చూపిస్తాను. దూడ చెరువుగట్టు మీద నడుస్తూ వచ్చి, జారి నీళ్లలో పడుతుంది. నడక 4 సెకన్ల 10వ ఫ్రేము దగ్గర మొదలవుతుంది. 11 సెకన్ల 20వ ఫ్రేము దగ్గర నీళ్లు చిందుతాయి. మధ్యలో 7 సెకన్ల 10 ఫ్రేములు, అంటే 185 ఫ్రేములు. దూడ అడుగు 13 ఫ్రేములకు ఒకటి పడుతోంది. 1500ను 13తో భాగిస్తే టెంపో 115కు కొంచెం పైన వస్తుంది, కాని 185లో 13 పద్నాలుగుసార్లు పోయి 3 ఫ్రేములు మిగులుతాయి. 16 బీట్లతో నాలుగు నిండు ఆవర్తాలు చేద్దామంటే టెంపో దాదాపు 130 కావాలి. అప్పుడు పాట పరుగెత్తుతుంది, దూడ నడుస్తుంది. మేము మొదట చేసినది అదే. బేస్ వాయించే అతని మేనకోడలు, ఆరేళ్ల పిల్ల, చూసి వెంటనే పట్టేసింది: "మామా, దూడ నడస్తా ఉంటే పాట పరిగెత్తతా ఉండాది."

అప్పుడు 14 బీట్లు పెట్టాము: నాలుగేసి బీట్లవి మూడు ఆవర్తాలు, చివర రెండు బీట్లది ఒక పొట్టి ఆవర్తం. టెంపో 113.5. అడుగుకూ బీటుకూ వచ్చే తేడా చివరికి చేరేసరికి మూడు ఫ్రేములే, అదీ దూడ జారుతూ అడుగు తప్పిన చోటనే. నీళ్లు చిందిన ఫ్రేములో సరిగ్గా సింబల్ పడింది. డ్రమ్మర్లకు ఆ పొట్టి ఆవర్తం మొదట ఇబ్బందిగా ఉంటుంది. తాళం మీద కాక బొమ్మ మీద దృష్టి పెట్టి నాలుగైదుసార్లు వాయిస్తే చేతికి వస్తుంది.

ప్రత్యామ్నాయం: లెక్క ఎంతకూ కుదరకపోతే తాళమే లేకుండా చేయండి. కీబోర్డు మీద ఒక స్వరాన్ని నిలిపి, పడే క్షణంలో ఒక్క దెబ్బ వేస్తే చాలు. ప్రతి అడుగుకూ ఒక దెబ్బ, ప్రతి కనురెప్పకూ ఒక గంట వేయడం మాత్రం మానండి. అది ఒక నిమిషం నవ్విస్తుంది, పదకొండు నిమిషాలు విసిగిస్తుంది.

5. టైటిల్ పాట: ముందు మాట, తరువాత రిఫ్ (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీ)

టైటిల్ పాట 30 నుంచి 60 సెకన్లలో ముగియాలి. బ్యాండు అలవాటు కొద్దీ 20 సెకన్ల గిటార్ ముందుమాట పెట్టకండి. మొదటి ఐదు సెకన్లలో గొంతు వినబడాలి, పది పదిహేను సెకన్లలో సీరియల్ పేరు రావాలి.

తెలుగులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు హ్రస్వాన్ని సాగదీయడం. రాక్ బాణీలలో చరణం చివరి స్వరాన్ని సాగదీయడం మామూలు. ఆ చోట హ్రస్వం పడితే మాటే మారిపోతుంది: "పడు" కాస్తా "పాడు" అవుతుంది, "వడ" కాస్తా "వాడ" అవుతుంది. మార్కాపురం పలకల మీద ఒక చరణం రాసి, "పలక" అన్న మాట మొదటి అక్షరాన్ని రెండు బీట్లు లాగాము. పిల్లలు దానిని "పాలక" అని విని, పాలకూర పాట అనుకున్నారు. కాబట్టి ఇలా చేయండి:

• పాటను ముందు బాణీ లేకుండా, చేత్తో తాళం వేస్తూ మాటల్లా చదవండి.
• గురువులను గుర్తించి, పొడుగు స్వరాలను వాటి మీదనే ఉంచండి. "గిత్త"లాంటి మాటలో ఒత్తుకు ముందున్న అక్షరం గురువే, కాని సాగేది కాదు. ఆ ఒత్తు దగ్గర డ్రమ్స్ దెబ్బ పడితే అందంగా ఉంటుంది.
• చరణం చివర సాగే స్వరం ఉంటే ఆ, ఈ, ఓ వంటి దీర్ఘంతో ముగిసే మాట రాయించండి.

పిల్లలు కలిసి పాడుకోవాలంటే స్వరాల విస్తీర్ణం చిన్నదిగా ఉండాలి. ఒకటి శ్రుతిలో, అంటే సి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే, కీబోర్డు నడుమ ఉన్న షడ్జం నుంచి పైనున్న ధైవతం వరకు ఐదారేళ్ల పిల్లలకు సుఖంగా ఉంటుంది. మీ గాయకుడు పై షడ్జం మీద కేక పెట్టగలడన్నది ఇక్కడ అర్హత కాదు. గిటారిస్టులకు ఇ శ్రుతి ఇష్టం, తీగలు తెరిచి వాయించవచ్చు గనుక. అదే బాణీ పిల్లల గొంతుకు రెండు మెట్లు పైకి పోతుంది. కాపో (తీగలను అదిమిపట్టే క్లిప్పు) పెట్టుకునో, తీగలను దింపుకునో పిల్లల శ్రుతికి మీరు రండి.

జానపద బాణీ వాడదలిస్తే అది నిజంగా ఊరిదేనా, ఎవరైనా సినిమాకు కట్టినదా అని విచారించండి. మన తాతలు పాడినదని అనుకున్న బాణీ ఒక పాత సినిమాలోదని తేలడం మాకు ఒకసారి జరిగింది. రికార్డింగుకు ముందే తెలియడం అదృష్టం.

6. మాటలకు చోటు వదిలి వాయిద్యాలు కూర్చండి

మాటలలో అర్థాన్ని పట్టి ఇచ్చే హల్లుల ధ్వని ఎక్కువగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది. డిస్టార్షన్ (గరగరలాడే ధ్వని) పెట్టిన గిటార్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. శబ్దం తగ్గిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. తక్కువ శబ్దంతో మోగే డిస్టార్షన్ కూడా చ, స, ట, త వంటి అక్షరాల మీద దుమ్ములా పేరుకుంటుంది. ఎర్ర సిరా గుర్తు ఉన్న ప్రతిచోటా ఈ వరుసలో ప్రయత్నించండి:

మొదట, గిటార్‌ను పూర్తిగా ఆపి బేస్, కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) మాత్రమే ఉంచండి. పల్చగా అనిపిస్తే గిటార్‌ను డిస్టార్షన్ లేకుండా, అరచేతితో తీగలను అదిమి, విడివిడి స్వరాలుగా తీసుకురండి. సింబల్స్‌ను కర్రలతో కాక బ్రష్‌లతో వాయించండి. బాణీని మాటల మధ్య ఉన్న ఖాళీలలో పలికించండి. పాత్ర మాట్లాడి ఆగిన చోట గిటార్ రెండు స్వరాలతో జవాబు చెబితే పిల్లలకు అది మూడో పాత్రలా తోస్తుంది. ఈక్వలైజర్‌లో 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెళ్లు తగ్గించడం ఆఖరి ఉపాయం, మొదటిది కాదు.

అలాగని రాక్ స్వభావాన్ని చంపుకోవద్దు. మిమ్మల్ని పిలిచింది అందుకే. తరుముకునే ఘట్టాలు, టైటిల్, ముగింపు పేర్లు, మాటలు లేని పదిహేను సెకన్లు మీవి. అక్కడ యాంప్ తిప్పండి. మా సీరియల్‌లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఘట్టం ఒకటి ఉంది. ఒకటిన్నర నిమిషం మాటలే లేవు. డప్పు మీద బేస్ గిటార్, దాని మీద గిటార్ రిఫ్ వేసి హాయిగా వాయించాము, ఒక్క మార్పు కూడా రాలేదు.

7. రికార్డింగు

గది గురించి ఎక్కువ చెప్పను. ఫ్యాను, ఏసీ ఆపండి. కాబట్టి వేసవిలో తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకు పెట్టుకోండి. ట్రంకు రోడ్డు వైపు, రైలు కట్ట వైపు కిటికీలు ఉన్న గది వద్దు. మూలల్లో దూది పరుపులు నిలబెడితే ప్రతిధ్వని తగ్గుతుంది. మేము ఒక రైస్ మిల్లు గోదాములో వడ్ల బస్తాల మధ్య డ్రమ్స్ వాయించాము; అంత పొడిగా, శుభ్రంగా ఉండే శబ్దం మరోచోట దొరకలేదు. దుమ్ముకు మాత్రం గాయకుణ్ణి దూరంగా ఉంచండి.

మొదటి రోజే సాఫ్ట్‌వేర్‌లో శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో) 48,000, లోతు 24 బిట్ అని పెట్టండి. పాటల ఆల్బములకు అలవాటైన 44,100తో రికార్డు చేసి, దానిని మార్చకుండా వీడియోలో పెడితే, కొన్ని సందర్భాలలో పాట దాదాపు తొమ్మిది శాతం వేగంగా, దాదాపు ముప్పావు మెట్టు పై శ్రుతిలో మోగుతుంది.

డప్పు పెట్టుకుంటే శ్రుతి జాగ్రత్త. ముసురు రోజుల్లో తోలు వదులవుతుంది. కళాకారులు మంట దగ్గర కాచుకుంటారు, చల్లారితే మళ్లీ దిగుతుంది. కాచిన వెంటనే రికార్డు చేయండి, ప్రతి టేకు మొదట ఒక దెబ్బ వేయించి ముందు టేకుతో పోల్చండి. ఆ కళాకారులకు కూలి అదే రోజు ఇవ్వండి, పేరు ముగింపు పట్టికలో వేయించండి.

8. పిల్లల గొంతులు

పిల్లలతో పాడించడం అందంగా ఉంటుంది, బాధ్యత కూడా పెద్దదే. బాలకార్మిక చట్టం నియమాల ప్రకారం పిల్లలను కళాకారులుగా పెట్టుకునే నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, బడి మానిపించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. "మావాళ్ల పిల్లలే కదా" అన్నది మినహాయింపు కాదు.

ఆచరణలో మూడు గంటలు కూడా ఎక్కువే. ఇరవై నిమిషాలు పాడించి, పది నిమిషాలు ఆడుకోనివ్వండి. అరిచి పాడమని ఎప్పుడూ చెప్పకండి. పాత్ర పేరు చెప్పి, "దూడను పిలిచినట్టు పాడమ్మా" అంటే కావలసిన ఊపు అదే వస్తుంది. హెడ్‌ఫోన్ శబ్దాన్ని ముందు మీరు పెట్టుకుని చూసి తగ్గించండి. డ్రమ్మర్ చెవికి సరిపోయే శబ్దం బిడ్డ చెవికి ఎక్కువ.

9. మిక్స్ చేసి, శబ్దం కొలవండి

ఛానల్ ఇచ్చిన పత్రంలో శబ్దపు స్థాయి ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలత) లెక్కలో ఉంటుంది. యూరపు టీవీ ప్రమాణం మైనస్ 23, అమెరికాలో మైనస్ 24. మీకు వచ్చిన పత్రంలో ఏది ఉంటే అదే పాటించండి. ఆ అంకె మాటలు, శబ్దాలు, సంగీతం అన్నీ కలిసిన మొత్తానిదన్నది మరువకండి. మీ సంగీతం ఒక్కదానినే ఆ అంకెకు తెచ్చి పంపితే, మాటలు కలిసిన తరువాత దాటిపోతుంది. కొలవడానికి యూలీన్ మీటరు ఉచిత ప్రతి చాలు. ఆల్బములకు చేసినట్లు లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాధనం) పిండి గట్టిగా చేయకండి; టీవీవాళ్లు దానిని తిరిగి తగ్గిస్తారు, మిగిలేది చదునైన శబ్దం.

చిన్న స్పీకర్లలో 100 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ వినబడదు. బేస్ బాణీ ఫోనులో మాయమైతే శబ్దం పెంచకండి. బేస్‌కు కొంచెం డిస్టార్షన్ కలపండి, లేదా అదే బాణీని ఒక స్థాయి పైన గిటార్‌తో మెల్లగా పలికించండి.

10. అప్పగింత

పూర్తి మిక్స్ ఒక్కటే పంపితే రెండు వారాల తరువాత మళ్లీ ఫోను వస్తుంది. పంపవలసినవి: పూర్తి మిక్స్, గొంతులు లేని మిక్స్, విడి స్టెములు, అంటే ఒక్కొక్క వాద్యానికీ గొంతుకూ వేరు ఫైళ్లు (డ్రమ్స్, బేస్, గిటార్లు, కీబోర్డు, డప్పు, ముఖ్య గాత్రం, కోరస్). సీరియల్ తమిళంలోకో హిందీలోకో పోయినప్పుడు గొంతులు లేని మిక్స్ మీదనే అక్కడివారు పాడుతారు. "హే", "ఓయ్" వంటి కేకలను డ్రమ్స్ స్టెములో కలిపి పంపడం మేము చేసిన పొరపాటు. వాటిని గాత్రంలో ఉంచండి.

అన్ని ఫైళ్లూ ఒకే బిందువు నుంచి మొదలు కావాలి, ముందు ఖాళీ ఉన్నా సరే. కార్యక్రమం మొదలయ్యే ఫ్రేముకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము నిడివిగల బీప్ పెట్టండి. ఎడిటరు దానితో జత కలుపుకుంటాడు. ఫైలు పేరులో భాగం సంఖ్య, ముక్క సంఖ్య, ప్రతి సంఖ్య, తేదీ ఉండాలి. "ఫైనల్" అన్న మాట వాడకండి, అది ఎప్పుడూ ఫైనల్ కాదు.

వీటితోపాటు క్యూ షీటు పంపండి: ప్రతి ముక్క పేరు, నిడివి సెకన్లలో, స్వరకర్త, రచయిత, వాటాలు. రాయల్టీ లెక్కలు దాని మీదనే నడుస్తాయి.

పంపే ముందు పరీక్షలు

ఒకటి, టీవీలో పెట్టి వంటింట్లోకి వెళ్లి వినండి. కుక్కరు కూతల మధ్య పాత్ర మాట అర్థమైతే మిక్స్ సరైనది. ఇంట్లో పిల్లలు టీవీ చూసే పరిస్థితి అదే. రెండు, స్టీరియోను మోనోకు మార్చండి, అంటే రెండు వైపుల శబ్దాన్నీ ఒకటిగా కలపండి. గిటార్ పలచబడితే రెండు వైపులా ఒకే టేకును కొంచెం జరిపి పెట్టి ఉంటారు, రెండో టేకు విడిగా వాయించండి. మూడు, శబ్దం ఆపి బొమ్మ మాత్రమే చూస్తూ కాలితో తాళం వేయండి. మీ కాలి వేగమూ పాట టెంపో కూడా ఒకటే అయితే నాలుగో దశ లెక్క సరిపోయినట్లే.

నాలుగోది పిల్లల పరీక్ష. ఐదుగురు పిల్లలను కూర్చోబెట్టి వేయండి. "బాగుందా" అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. వాళ్ల ముఖాలు చూడండి. తెర వదిలి మీ వైపు తిరిగారంటే అక్కడ సంగీతం బొమ్మను మించిపోయింది. ఆ టైమ్‌కోడ్ రాసుకోండి. "ఏమన్నాడు?" అని పక్కవాణ్ణి అడిగారంటే అక్కడ మాట మునిగింది, అదీ రాసుకోండి. మరునాడు వాళ్లు ఆడుకుంటుండగా టైటిల్ పాట కూనిరాగంగా వినబడితే పాట గురించి ఇక ఆలోచించకండి.

స్టూడియో నుంచి మార్పులు వచ్చినప్పుడు, "ఇంకొంచెం జోష్ కావాలి" అని ఒక్క ముక్కలో రాస్తే దాని మీద పని మొదలుపెట్టవద్దు. ఏ టైమ్‌కోడ్ నుంచి ఏ టైమ్‌కోడ్ వరకు అని అడగండి. మాకు అలా రాసి పంపిన చోట, అడిగి చూస్తే, వారు కోరినది గిటార్ పెంచడం కాదు. దూడ తోక ఎత్తే ఫ్రేము కంటే మా స్నేర్ డ్రమ్ము దెబ్బ రెండు ఫ్రేములు వెనుక పడుతోంది. 80 మిల్లీసెకన్లు ముందుకు జరిపి పంపాము, ఒప్పుకున్నారు.